చేతికందే దూరంలో రెండు ఫోన్లు, మధ్యలో ఇంత చుట్టుదారి

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల గదులు ఎలా ఉంటాయో అటువైపు తిరిగినవాళ్లకు తెలుసు. పదడుగుల గది, మూడు మంచాలు, ముగ్గురికీ కలిపి ఒక్క ప్లగ్ పాయింటు. సాయంత్రం క్లాసు రికార్డింగు ఒకరి ఫోన్లో ఉంటుంది. సైజు 1.2 జీబీ అనుకుందాం. పక్క మంచం మీదున్నవాడు "అరేయ్, ఆ పాలిటీ క్లాస్ నాకు పంపు రా" అంటాడు. పంపేవాడు అలవాటు కొద్దీ వాట్సాప్ తెరుస్తాడు. ఫైలు ఆ గదిలోంచి టవర్‌కి, అక్కడి నుంచి ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్లి, మళ్లీ టవర్ మీదుగా అదే గదిలోకి, ఈసారి మూడడుగుల అవతలి మంచం మీదికి వస్తుంది. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద నెట్టుకొచ్చే ఇద్దరికీ ఆ పూటతో డేటా దాదాపు అయిపోయినట్టే. పంపినవాడికి 1.2 జీబీ పోయింది, అందుకున్నవాడికీ అంతే పోయింది.

అదే ఫైలును ఇంటర్నెట్ జోలికి పోకుండా ఫోన్ నుంచి ఫోన్‌కి పంపితే ఒకట్రెండు నిమిషాల్లో అయిపోతుంది. డేటా ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు. ఈ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియక కాదు. "అది కనెక్ట్ అవ్వదు రా, టైం వేస్ట్" అనేది వాళ్ల అనుభవం. ఆ మాటలో చాలా నిజం ఉంది. ఫోన్లలో వేగం ఎప్పుడో వచ్చేసింది. ఇబ్బందంతా అంతకు ముందు మెట్టులో ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు ఫోన్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి, నమ్మాలి. ఆ పనిని ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా చేసింది, పైగా చాలాకాలం ఒకరి పద్ధతి ఇంకొకరికి పనికిరాకుండా చేసింది.

పేరయ్య బ్లూటూత్, మోసేది వై-ఫై

దగ్గర్లోని ఫోన్‌కి ఫైలు పంపడంలో రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది పరిచయం: చుట్టుపక్కల ఎవరున్నారు, వాళ్లలో నాకు కావలసినది ఎవరు, ఆ ఫోన్ నిజంగా వాళ్లదేనా. రెండోది మోత. ఈ రోజుల్లో ఆండ్రాయిడ్ ఫోన్లలో వచ్చే క్విక్ షేర్, ఐఫోన్లలో వచ్చే ఎయిర్‌డ్రాప్ లాంటి వాటిలో పరిచయం బ్లూటూత్ చేస్తుంది, మోత వై-ఫై చేస్తుంది. బ్లూటూత్ పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. సంబంధం కుదిర్చి తప్పుకుంటుంది, సంసారం చేసేది వేరేవాళ్లు.

ఇలా పంచుకోవడానికి కారణం బ్యాటరీ. వై-ఫై బలమైనది, కానీ కరెంటు ఎక్కువ తాగుతుంది. దాన్ని ఇరవై నాలుగు గంటలూ "ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా" అని వెతకమంటే సాయంత్రానికల్లా ఫోన్ చచ్చిపోతుంది. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0 లో తక్కువ కరెంటుతో నడిచే రకం ఒకటి చేరింది. దానికి 40 చానళ్లుంటే అందులో మూడింటిని ప్రధానంగా "నేనిక్కడున్నాను" అని చిన్న చిన్న ముక్కలుగా కేకేయడానికే కేటాయించారు. షేర్ బటన్ నొక్కగానే కనిపించే పేర్ల వరస ఆ కేకల్లోంచి వచ్చిందే. అందులో ఒక పేరు మీద నొక్కి, అవతలివాళ్లు ఒప్పుకున్నాక, రెండు ఫోన్లూ వై-ఫై తాళం చెవి మార్చుకుంటాయి. అప్పటికప్పుడు ఒక ఫోన్ చిన్నపాటి రౌటర్ అవతారం ఎత్తుతుంది, రెండోది దానికి తగులుకుంటుంది. దీన్నే వై-ఫై డైరెక్ట్ అంటారు. వై-ఫై కంపెనీల సంఘమైన వై-ఫై అలయన్స్ ఈ పద్ధతికి సర్టిఫికేషన్ మొదలుపెట్టింది కూడా 2010లోనే. ఆపిల్ మాత్రం ఇదే పనికి తనదైన వేరే పద్ధతి వాడుతుంది.

ఇక్కడే మన భాషలో ఒక చిక్కుంది. హైదరాబాద్‌లో "మా ఇంట్లో వై-ఫై పెట్టించాం" అంటే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ తీసుకున్నామని అర్థం. "ఇక్కడ వై-ఫై ఉందా?" అంటే నెట్ వస్తుందా అని. వాడుకలో ఈ రెండూ ఒకటైపోయాయి. కానీ వై-ఫై అంటే ఫోన్లో ఉన్న రేడియో మాత్రమే. దాని వెనక ఇంటర్నెట్ ఉండొచ్చు, లేకపోవచ్చు. క్విక్ షేర్‌కి వై-ఫై ఆన్‌లో ఉంటే చాలు, దేనికీ కనెక్ట్ అయి ఉండనక్కర్లేదు. "మాకు వై-ఫై లేదు కదా, అందుకే పని చేయట్లేదు" అని వై-ఫై బటన్ ఆపేసి మొబైల్ డేటా మీద ప్రయత్నించేవాళ్లు ఎందరో. పేరయ్య సంబంధం తెచ్చాడు, పెళ్లికొడుకు ఊళ్లో లేడు. అలాంటప్పుడు ఫోన్ అయితే చేతులెత్తేస్తుంది, లేదంటే మొత్తం సామాను పేరయ్య నెత్తినే పెడుతుంది. ఆ రెండో సందర్భంలోనే "98 నిమిషాలు మిగిలి ఉంది" లాంటి అంకెలు తెర మీద కనిపిస్తాయి.

ఆ అంకె వట్టి బెదిరింపు కాదు. లెక్క వేస్తే తెలుస్తుంది. కంపెనీలు వేగాన్ని మెగాబిట్లలో చెబుతాయి, మనం ఫైళ్లను మెగాబైట్లలో కొలుస్తాం. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. కాబట్టి 1.2 జీబీ అంటే 9,600 మెగాబిట్లు. పాత తరహా బ్లూటూత్‌లో కాగితం మీది వేగం సెకనుకు 3 మెగాబిట్లు. హంగులన్నీ పోను చేతికొచ్చేది 2 అనుకుంటే 4,800 సెకన్లు పడుతుంది, అంటే 80 నిమిషాలు. వై-ఫై డైరెక్ట్ మీద సెకనుకు 20 మెగాబైట్లు వస్తే అదే ఫైలు ఒక్క నిమిషం. ఒకే గదిలో, ఒకే ఫోన్ల మధ్య 80 రెట్లు తేడా.

రాజుగారి నీలి పన్ను, జగదీష్ మార్కెట్ పాటలు

బ్లూటూత్‌ను తిట్టుకోవడం సులువే కానీ, దాన్ని జీబీల సినిమాలు మోయడానికి పుట్టించలేదు. 1994లో స్వీడన్‌కి చెందిన ఎరిక్‌సన్ కంపెనీలో, ఫోన్‌కీ హెడ్‌సెట్ లాంటి చిన్న పరికరాలకీ మధ్య వైరు తీసేద్దామని మొదలైన పని అది. 1998లో ఎరిక్‌సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. పేరు 10వ శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్‌ది. విడివిడి ప్రాంతాలను కలిపిన రాజు కాబట్టి విడివిడి పరికరాలను కలిపేదానికి ఆయన పేరు బాగుంటుందని ఇంటెల్ ఇంజినీరు జిమ్ కార్డాక్ సూచించారు. అసలు పేరు తర్వాత ఆలోచిద్దాంలే అనుకుని తాత్కాలికంగా పెట్టినది అలాగే స్థిరపడిపోయింది. ఆ గుర్తు కూడా రాజుగారి పేరులోని రెండు పాత లిపి అక్షరాలను కలిపి గీసినదే.

మన ఊళ్లో బ్లూటూత్ వాడకం మాత్రం హెడ్‌సెట్ల కంటే ముందు పాటలతో ఊపందుకుంది. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్ లాంటి చోట్ల, కాలనీల్లోని రీచార్జ్ షాపుల్లో మెమరీ కార్డు ఇస్తే పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. ఒక్కడు డబ్బిచ్చి ఎక్కించుకుంటే ఆ రాత్రికి వీధి మొత్తానికి బ్లూటూత్‌లో పాకేది. అంతకు ముందు ఇన్‌ఫ్రారెడ్ ఉండేది. రెండు ఫోన్ల తలలు ఎదురెదురుగా ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. అప్పటి చాలా ఫోన్లలో దాని వేగం సెకనుకు 115 కిలోబిట్లు. నాలుగు ఎంబీల పాటకు నాలుగైదు నిమిషాలు. మధ్యలో ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే మళ్లీ మొదటికే. దానితో పోలిస్తే ఫోన్ జేబులో పెట్టుకునే పాట అందుకోగలగడం అప్పట్లో గొప్ప సుఖం.

ఫైళ్లు పెద్దవైన కొద్దీ ఆ సుఖం చాలలేదు. ఆ ఖాళీలోకి వచ్చినవే షేర్‌ఇట్, జెండర్ యాప్‌లు. ఇవి చేసిందేమీ మాయ కాదు. ఒక ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేయించి, రెండో ఫోన్‌ను దానికి కలిపి, ఆ చిన్న నెట్‌వర్క్ మీద ఫైలు తోసేవి. ఎవరైనా చేత్తో చేసుకోగల పనిని రెండు బటన్లకు కుదించారు. తెలివి అక్కడ ఉంది. కొత్త ఫోన్ కొన్న షాపులోనే కుర్రాళ్లు వీటిని వేసి ఇచ్చేవాళ్లు. "షేర్‌ఇట్ చెయ్" అనేది ఒక క్రియ అయిపోయింది.

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ గురించే అందరూ మాట్లాడుకున్నారు. షేర్‌ఇట్, జెండర్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నిత్యజీవితంలో లోటు ఎక్కువ తెలిసింది వీటివల్లే అనిపిస్తుంది. ఆ తర్వాత కూడా పాత ఏపీకే ఫైళ్లుగా (ప్లే స్టోర్‌తో పనిలేకుండా వేసుకునేవి) ఇవి చేతులు మారుతూ వచ్చాయి. అది మంచి పని కాదు. 2021 ఫిబ్రవరిలో ట్రెండ్ మైక్రో అనే భద్రతా సంస్థ షేర్‌ఇట్‌లో లోపాలు బయటపెట్టింది. ఫోన్లోని సమాచారం దొంగిలించడానికి, హానికరమైన కోడ్ నడపడానికి అవి దారి ఇస్తాయని చెప్పింది. ఎవరో పంపిన పాత కాపీకి ఆ తర్వాత మరమ్మతు అందే దారి లేదు.

ఇలాంటి యాప్‌ల మీద జనానికి ఉన్న ఒక అనుమానం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. "ఫైలు పంపడానికి నా లొకేషన్ ఎందుకు?" అడగవలసిన ప్రశ్నే. చుట్టుపక్కల ఏ వై-ఫైలు, ఏ బ్లూటూత్ పరికరాలు ఉన్నాయో ఒక యాప్‌కి తెలిస్తే, జీపీఎస్ లేకుండానే ఆ మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టొచ్చు. ఒక ఫలానా కేఫ్ రౌటర్ కనిపించిందంటే ఆ కేఫ్ దగ్గర ఉన్నట్టే కదా. అందుకని ఆండ్రాయిడ్ 6 నుంచి గూగుల్ ఒక నియమం పెట్టింది. చుట్టుపక్కల వెతకాలనుకునే ప్రతి యాప్ లొకేషన్ అనుమతి తీసుకోవాల్సిందే. అంటే ఆ ప్రశ్న జనాన్ని కాపాడటానికి పెట్టినదే, కానీ చూడ్డానికి దొంగ అడిగినట్టు ఉండేది. కొందరు నిజంగానే దాన్ని ఆసరా చేసుకున్నారు కూడా. ఆండ్రాయిడ్ 12లో బ్లూటూత్‌కి, ఆండ్రాయిడ్ 13లో వై-ఫైకి లొకేషన్‌తో ముడిపెట్టకుండా "దగ్గర్లోని పరికరాలు" అనే వేరే అనుమతి వచ్చింది. కొత్త ఫోన్లో కూడా ఫైళ్లు పంపే యాప్ ఏదైనా ఇంకా లొకేషనే కావాలని పట్టుబడుతుంటే అనుమానించడంలో తప్పులేదు.

రెండు కులాల పెళ్లి

నాగోల్ నుంచి మియాపూర్ దాకా ఏ ఫంక్షన్ హాల్లోనైనా, తలంబ్రాలు అయిన పావుగంటకు ఒకే దృశ్యం. అమెరికా నుంచి వచ్చిన బావ ఐఫోన్లో తీసిన ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. చుట్టూ ఉన్న వదినలు, మరదళ్ల చేతుల్లో ఆండ్రాయిడ్లు. "గ్రూపులో పెట్టేస్తాలే" అంటాడాయన. పెడతాడు. నాలుగైదు ఎంబీల ఫొటో కొన్ని వందల కేబీలకు చిక్కిపోయి చేరుతుంది. ఫోన్ తెర మీద బాగానే ఉంటుంది. ఆల్బమ్‌కి ప్రింటు వేయిద్దామని చూస్తే పట్టుచీర జరీ అంతా పేస్టులా అలికినట్టు ఉంటుంది.

ఆపిల్ ఎయిర్‌డ్రాప్‌ను 2011లో మ్యాక్ కంప్యూటర్లలో తెచ్చింది, 2013లో ఐఫోన్‌కి ఇచ్చింది. ఆండ్రాయిడ్ వైపు కథ అంత తిన్నగా నడవలేదు. 2011లోనే వీపుకి వీపు ఆనిస్తే పంపే ఆండ్రాయిడ్ బీమ్ వచ్చింది. కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే పనిచేసే ఎన్‌ఎఫ్‌సీ రేడియోతో పరిచయం చేయించి, మోత బ్లూటూత్‌కి అప్పగించేది. అంటే పరిచయం బాగుంది, మోసే చెయ్యే బలహీనం. అందుకే ఎక్కలేదు. ఆండ్రాయిడ్ 10తో దాన్ని పక్కన పెట్టారు. 2020 ఆగస్టులో నియర్‌బై షేర్ వచ్చింది. శాంసంగ్‌ది అప్పటికే క్విక్ షేర్ అని వేరేగా ఉంది. 2024 జనవరిలో ఆ రెండింటినీ కలిపి క్విక్ షేర్ అన్న పేరే ఉంచారు. ఇన్నేళ్లూ ఐఫోన్, ఆండ్రాయిడ్ మాత్రం రెండు కులాలే. రెండింటిలోనూ అవే రేడియోలు, దాదాపు అదే పద్ధతి, కానీ పలకరింపులు లేవు.

ఇది సాంకేతికంగా కుదరక కాదని 2025 నవంబర్‌లో తేలిపోయింది. తన పిక్సెల్ 10 ఫోన్ల నుంచి ఐఫోన్‌కి క్విక్ షేర్ ద్వారా నేరుగా పంపే వీలు గూగుల్ తెచ్చింది, అదీ ఆపిల్‌తో కలిసి కాదు, తనంతట తనే. ఐఫోన్ వాళ్లు ఎయిర్‌డ్రాప్‌లో "10 నిమిషాలపాటు అందరికీ" అనే సెట్టింగ్ పెట్టుకుంటే చాలు. ఇన్నేళ్లూ గోడ ఉన్నది వ్యాపారం కోసమే అనుకోక తప్పదు. బావ ఐఫోన్ కావడం వల్లే చెల్లెలు కూడా ఐఫోన్ కొనే ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు?

ఈ గోడల మధ్యలోంచి వాట్సాప్ గెలిచింది. దాని బలం వేగంలో లేదు. పరిచయం అనే కష్టమైన మెట్టును అది ఫోన్ నంబర్‌తో తీసిపారేసింది. నంబర్ ఉంటే మనిషి దొరికినట్టే. వెతకడం లేదు, జత చేయడం లేదు, ఆరంకెల కోడ్ సరిచూడటం లేదు, ఏ కంపెనీ ఫోనో అడగడం లేదు. మూడడుగుల దూరానికి వేల కిలోమీటర్ల దారి ఎంచుకుంటున్నామంటే జనానికి తెలివి లేక కాదు, ఆ దారిలో గేట్లు లేవు కాబట్టి.

ఆ దారిలోనే పోవాలనుకుంటే ఒక కిటుకు చాలామందికి తెలిసిందే: ఫొటోను ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే చిక్కిపోదు. 2022 నుంచి 2 జీబీ దాకా ఫైలు పంపొచ్చు. తెలియని సంగతి ఇంకొకటుంది. మామూలుగా పంపినప్పుడు వాట్సాప్ ఫొటోలోని దాపుడు వివరాలను తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫొటో ఏ తేదీన, ఏ గంటకు, కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ ఇంటి దగ్గర తీశారో కూడా దాంతోపాటు వెళుతుంది. చుట్టాలకు పంపితే ఇబ్బంది లేదు. ఓఎల్‌ఎక్స్‌లో సోఫా అమ్ముతూ ముక్కూమొహం తెలియని మనిషికి పంపేటప్పుడు ఆలోచించాలి.

గాలిలో ట్రాఫిక్

పరిచయం అయింది, ఒప్పుకున్నారు, అయినా ఫైలు నత్తలా పాకుతుంది. అప్పుడు చూడవలసింది గాలిని. బ్లూటూత్, పాత వై-ఫై, కార్డ్‌లెస్ మౌస్, చివరికి వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే పనిచేస్తాయి. లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోగల స్థలం అది. మన దేశంలో 2005లో దాన్ని తెరిచారు. అందరిదీ కాబట్టి అమీర్‌పేట రోడ్డులా ఉంటుంది. ఆ స్థలంలో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే వై-ఫై చానళ్లు మూడే: 1, 6, 11. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో అంతస్తుకు ఆరు ఫ్లాట్లు, ఫ్లాటుకో రౌటర్ అంటే మూడు వరసల్లో ఎన్ని బళ్లు దూరాలో ఊహించుకోవచ్చు. ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైపు మళ్లిస్తే చాలాసార్లు అక్కడికక్కడే తేడా తెలుస్తుంది. ఆ స్థలాన్ని ఆరుబయట వాడకానికి కూడా 2018లో విశాలంగా తెరిచారు. దానికి గోడలు దాటే ఓపిక తక్కువ. ఒకే గదిలో ఉన్న రెండు ఫోన్లకు అదొక లోపమే కాదు, పైగా లాభం. పక్క ఫ్లాట్ గోల ఇటు రాదు.

బ్లూటూత్ ఈ రద్దీని తట్టుకునే పద్ధతి ముచ్చటైనది. పాత తరహా బ్లూటూత్ 79 చానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు గంతులేస్తుంది. ఒక చోట ఎవరైనా అడ్డు తగిలినా మరుక్షణం ఇంకో చోట ఉంటుంది. 2003 నాటి 1.2 వెర్షన్ నుంచి రద్దీ చోట్లను గుర్తుపెట్టుకుని తప్పించుకోవడం కూడా నేర్చింది. ఇలాంటి గంతుల ఆలోచనతో రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ టార్పెడోలను నడిపే రేడియో కోసం పేటెంట్ తీసుకున్నారు. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రెండు లైన్ల జనం ఒక్కచోట కలిసే సాయంత్రం వేళ అంతమంది చెవుల్లో అన్ని ఇయర్‌బడ్‌లు ఒకేసారి మోగగలుగుతున్నాయంటే ఆ గంతుల పుణ్యమే. అయినా పాట అప్పుడప్పుడు తెగుతుంది. దానికి రద్దీ ఒక కారణమైతే ఒళ్లు ఇంకో కారణం. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, నీళ్లు ఈ తరంగాలను పీల్చేస్తాయి. ఫోన్ కుడివైపు వెనక జేబులో ఉండి, సిగ్నల్ అందుకోవాల్సిన బడ్ ఎడమ చెవిలో ఉంటే మధ్యలో గోడ మనమే. జేబు మార్చి చూస్తే ఖర్చు లేకుండా పోయే రోగం అది.

హాస్టల్, కేఫ్ వై-ఫైల మీద ఫైళ్లు పంపుదామనుకున్నప్పుడు ఎదురయ్యే ఇబ్బంది వేరు. లోకల్‌సెండ్ అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ యాప్ ఒకటుంది. ఐఫోన్, ఆండ్రాయిడ్, విండోస్, మ్యాక్ తేడా లేకుండా ఒకే వై-ఫై మీద ఉన్నవాళ్ల మధ్య ఫైళ్లు పంపుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. గోడలు దూకడానికి ఇంతకంటే మర్యాదైన దారి కనిపించదు. ఇంట్లో చక్కగా పనిచేస్తుంది. హాస్టల్లో మాత్రం ఇద్దరూ ఒకే వై-ఫైలో ఉన్నా ఒకరికొకరు కనిపించరు. చాలా పబ్లిక్ నెట్‌వర్క్‌లలో కలిసినవాళ్లు ఒకరి ఫోన్లోకి ఒకరు తొంగిచూడకుండా రౌటర్ దగ్గరే అడ్డుగోడ పెడతారు. అది మంచికే. అలాంటి చోట ఒక ఆండ్రాయిడ్ ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, రెండో ఫోన్‌ను దానికి కలిపితే సరిపోతుంది. డేటా ముందే ఆపడం ఎందుకంటే, ఫైలు వెళ్లడానికి డేటా ఖర్చు కాకపోయినా, కొత్తగా కలిసిన ఫోన్ వై-ఫై దొరికింది కదా అని వెనక నుంచి ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు మొదలుపెట్టేస్తుంది. ఇంట్లో రౌటర్ ఉన్నా ఈ నేరు దారే ఒక్కోసారి వేగంగా ఉంటుంది. రౌటర్ మీదుగా వెళ్లే ఫైలు ఒకే గాలిని రెండుసార్లు వాడుకుంటుంది, ఒకసారి ఎక్కడానికి, ఒకసారి దిగడానికి.

ఫోన్‌ను టీవీకి కలపడంలోనూ ఇలాగే "కాస్ట్" అనే ఒకే మాట రెండు పనులకు వాడేస్తున్నాం. 2012లో వచ్చిన మిరాకాస్ట్ ఫోన్ తెర ఎలా ఉందో అలా టీవీకి మోస్తుంది. నెట్ అవసరం లేదు, కానీ ఫోన్ వేడెక్కుతుంది, మధ్యలో వచ్చిన మెసేజ్ హాల్లో అందరూ చదువుతారు. 2013లో టీవీకి తగిలించే క్రోమ్‌కాస్ట్ అనే పరికరంతో గూగుల్ తెచ్చిన పద్ధతిలో యూట్యూబ్ లాంటి యాప్ నుంచి కాస్ట్ నొక్కితే, ఫోన్ "ఈ వీడియో చూపించు" అని చిరునామా మాత్రమే ఇస్తుంది. వీడియోను టీవీయే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఫోన్ ఆ తర్వాత వట్టి రిమోట్. ఫోన్ హాట్‌స్పాట్ మీద టీవీ నడుపుతూ "ఫోన్లో ఏమీ చూడలేదు, డేటా ఎలా అయిపోయింది?" అని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు ఇక్కడుంది.

జత కట్టడం తేలికే, విడగొట్టడమే

జత అయిన పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకుంటాయి. సౌకర్యమూ అదే, చిక్కూ అదే. వారాంతంలో శ్రీశైలం వెళ్లడానికి సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకున్నవాళ్లు ఎక్కగానే ఫోన్ జత చేస్తారు. కాంటాక్టులు చూడొచ్చా అని తెర అడుగుతుంది, చూడకుండానే ఒప్పుకుంటారు. చాలా కార్లు కాంటాక్టుల జాబితాను, కాల్ వివరాలను తమ దగ్గర దాచుకుంటాయి. కారు తిరిగి ఇచ్చేటప్పుడు డోర్ మీద గీతలు పడ్డాయేమో అని చుట్టూ తిరిగి ఫొటోలు తీసే మనిషి, తెరలోంచి తన ఫోన్ పేరు తీసేయడం మాత్రం మరిచిపోతాడు. ఫోన్ వైపు నుంచి తీసేస్తే చాలదు, కారు మెనూలోంచి కూడా తీసేయాలి.

ఇలాంటి మరపులన్నిటికంటే పెద్దది అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో రోజూ జరుగుతుంది. అద్దం మీద లావుపాటి అంకెల్లో వాట్సాప్ నంబర్ అంటించి ఉంటుంది. కోర్సులో చేరడానికి వచ్చిన పిల్లలు, పాస్‌పోర్టుకని వచ్చినవాళ్లు, గది అద్దె ఒప్పందం ప్రింటు కోసం నిలబడ్డవాళ్లు అందరూ ఆధార్, పాన్, టెన్త్ మెమో ఆ నంబర్‌కి పంపేస్తారు. ప్రింటు చేతికి వస్తుంది, ఫైలు ఆ కంప్యూటర్లో ఉండిపోతుంది. షాపువాడు చెడ్డవాడు కానక్కర్లేదు. రోజుకు అంతమంది ఫైళ్లలో ఏది తీసేయాలో చూసే తీరిక అతనికి లేదు, అంతే. విండోస్ కంప్యూటర్లకు కూడా 2023 నుంచి గూగుల్ నియర్‌బై షేర్ (ఇప్పటి క్విక్ షేర్) ఇచ్చింది. క్విక్ షేర్‌లో పంపితే కనీసం సొంత నంబర్ షాపువాడికి చేరదు. ఫైలు మాత్రం డౌన్‌లోడ్స్‌లో అలాగే కూర్చుంటుంది. ఆధార్‌కైతే మొదటి ఎనిమిది అంకెలు దాచిన కాపీని ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లోనే దించుకోవచ్చు, చాలా పనులకు అది సరిపోతుంది.

అయితే షాపు ముందు ఆరుగురు నిలబడి ఉంటారు. బయట ఆటోవాడు హారన్ కొడుతుంటాడు. బ్లూటూత్ ఆన్ చేసి, వై-ఫై ఆన్ చేసి, కంప్యూటర్ పేరు వెతికి, అవతల ఒప్పుకునేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? కౌంటర్ వెనక కుర్రాడు తల ఎత్తకుండానే అంటాడు: "నంబర్ అద్దం మీద ఉంది సార్, వాట్సాప్ చేసేయండి."